గేరు మొరాయిస్తోందా... దించే ముందు నాడి పట్టండి!

పదేళ్లు దాటిన ఆటోమేటిక్ కారు. నిన్నటిదాకా గేరు ఎప్పుడు మారిందో కూడా తెలియనివ్వలేదు. ఉన్నట్టుండి ఓ రోజు సిగ్నల్ దగ్గర ఆగి బయల్దేరబోతే ఇంజిన్ అరుస్తుందే తప్ప బండి కదలదు. లేదంటే వెనక నుంచి ఎవరో తన్నినట్టు ఒక్క కుదుపుతో ముందుకు దూకుతుంది. షెడ్డుకు తీసుకెళితే మెకానిక్ రెండు వీధులు తిప్పి తెచ్చి ఒకటే మాట చెబుతాడు... 'గేర్‌బాక్సు దించాలి సార్!'

చాలా పాత కార్ల ఆయుష్షు ఆ ఒక్క మాటతో తేలిపోతుంది. ఎందుకంటే ఆటోమేటిక్ గేర్‌బాక్సును విప్పి, బాగుచేసి, మళ్లీ బిగించడానికయ్యే ఖర్చు కొన్నిసార్లు బండి అమ్మితే వచ్చే డబ్బుకు దగ్గరగా ఉంటుంది. మోకాళ్ల నొప్పులతో క్లచ్ తొక్కలేని నాన్న కోసం కొన్న కారో, ట్రాఫిక్‌లో రోజూ ఆఫీసుకు వెళ్లే ఇల్లాలు ఏరికోరి తీసుకున్న సెకండ్‌హ్యాండ్ బండో అయితే... అంత ఖర్చు పెట్టాలా, వచ్చిన రేటుకు వదిలించుకోవాలా అన్నది ఇంటిల్లిపాదికీ తలనొప్పే.

అయితే గేరు సరిగా మారకపోవడం రోగం కాదు, లక్షణం. జ్వరం లాంటిదన్నమాట. జ్వరం వచ్చిందనగానే ఏ డాక్టరూ ఆపరేషన్ చేయడు కదా. గేర్‌బాక్సు లోపల క్లచ్ పలకలు అరిగిపోవడం ఒక కారణం మాత్రమే. ఆయిల్ తగ్గినా, బ్యాటరీ నీరసించినా, ఎలుక వైరు కొరికినా, ఇంజిన్ మౌంటింగ్ చిరిగినా, ఆఖరికి ఎవరో చూసుకోకుండా ఓ బటన్ నొక్కినా గేరు తేడాగా మారుతుంది. చవకైన కారణాలన్నీ ఒక్కొక్కటిగా కొట్టేశాకే ఖరీదైన కారణం జోలికి వెళ్లాలి. ఆ వరస తెలిసిన యజమానితో మెకానిక్ మాట్లాడే తీరే వేరుగా ఉంటుంది.

ముందు జాతి తెలియాలి

క్లచ్ పెడల్ లేని ప్రతి కారునూ 'ఆటోమేటిక్' అనేస్తాం. కానీ వాటిలో నాలుగు జాతులున్నాయి. ఒకదాని వైద్యం మరోదానికి పనికిరాదు సరికదా, విషం కావచ్చు కూడా.

మొదటిది టార్క్ కన్వర్టర్ రకం. అందరికన్నా పెద్దన్న. అమెరికాలో జనరల్ మోటార్స్ 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లలో 'హైడ్రా-మాటిక్' పేరుతో తొలి ఆటోమేటిక్ గేర్‌బాక్సును పెద్దఎత్తున అమ్మింది. ఆ వంశవృక్షం నుంచి వచ్చినవే ఇవి. హ్యుందాయ్ ఐ10, మారుతీ ఎ-స్టార్ ఆటోమేటిక్‌లలో ఉన్న నాలుగు గేర్ల పెట్టె ఈ రకమే. రెండోది సీవీటీ. ఇందులో మెట్లలాంటి గేర్లుండవు. రెండు పుల్లీల మధ్య ఓ ఉక్కు బెల్టు జారుతూ నిష్పత్తిని మారుస్తుంది. ఇంజిన్ శబ్దం ముందు పెరిగి, వేగం తర్వాత అందుకోవడం దాని స్వభావం, జబ్బు కాదు. మూడోది ఏఎంటీ. 2014లో మారుతీ సెలెరియోతో మన దగ్గర మామూలు జనానికి అందుబాటులోకి వచ్చింది. లోపల ఉండేది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే, మామూలు క్లచ్ ప్లేటే. కాకపోతే వాటిని మన కాలూ చేయీ బదులు ఓ యంత్రం నడుపుతుంది. గేరు మారేటప్పుడు తల కాస్త ఊగడం దానికి సహజం. నాలుగోది డ్యూయల్ క్లచ్. 2013లో వచ్చిన పోలో జీటీ టీఎస్ఐలోని డీఎస్‌జీ ఈ కోవలోది.

పేరు చూసి జాతి చెప్పేయలేం. హోండా సిటీనే తీసుకోండి. 2008కి ముందు తరంలో సీవీటీ, ఆ తర్వాత వచ్చిన తరంలో ఐదు గేర్ల టార్క్ కన్వర్టర్, 2014లో వచ్చిన తరంలో మళ్లీ సీవీటీ. ఒకే పేరు, మూడు తరాలు, వేర్వేరు ఆయిళ్లు. కాబట్టి ముందు చూడాల్సింది యజమాని చేతిపుస్తకం. గేర్‌బాక్సు ఏ రకం, దానికి ఏ ఆయిల్ అన్నది అందులోనే ఉంటుంది. మన రోడ్లమీద ఉన్న పాత ఆటోమేటిక్‌లలో చాలా వరకూ టార్క్ కన్వర్టర్ రకమే కాబట్టి ఇక్కడ దాని సంగతే చూద్దాం.

లోపల ఏం జరుగుతుంది?

రెండు టేబుల్ ఫ్యాన్లను ఎదురెదురుగా పెట్టి ఒకదానికే స్విచ్చు వేస్తే, ఆ గాలికి రెండోది కూడా తిరగడం మొదలెడుతుంది. టార్క్ కన్వర్టర్ చేసే పని అదే. గాలి బదులు ఆయిల్. ఇంజిన్ ఒక రెక్కల చక్రాన్ని తిప్పితే, ఆయిల్ వెళ్లి రెండో చక్రాన్ని తిప్పుతుంది. అందుకే సిగ్నల్ దగ్గర 'డి'లో ఉంచి బ్రేకు తొక్కినా ఇంజిన్ ఆగిపోదు.

ఆ వెనక గేర్ల గుత్తి, వాటిని పట్టి వదిలే క్లచ్ పలకల కట్టలు ఉంటాయి. ఏ కట్టను ఎప్పుడు బిగించాలో నిర్ణయించేది కంప్యూటర్. ఆ ఆదేశాన్ని అమలుచేసేవి సోలినాయిడ్లు... అంటే కరెంటుతో తెరుచుకుని మూసుకునే చిన్న కవాటాలు. అవి వాల్వ్ బాడీ అనే సన్నని కాలువల పలక మీద కూర్చుని ఆయిల్‌ను అటో ఇటో మళ్లిస్తాయి. ఆ ఆయిల్ ఒత్తిడే క్లచ్ పలకల్ని నొక్కిపడుతుంది.

అంటే శక్తిని మోసేదీ, క్లచ్‌ను బిగించేదీ, రాపిడిని తగ్గించేదీ, వేడిని బయటికి తెచ్చేదీ అన్నీ ఒకే ఆయిల్. మనిషికి రక్తం ఎంతో, ఈ పెట్టెకు ఆయిల్ అంత. అందుకే పరీక్ష మొదలెట్టాల్సింది కూడా అక్కడి నుంచే. కాకపోతే అంతకన్నా ముందు ఐదు నిమిషాలు కేటాయించాల్సిన పైసా ఖర్చులేని సంగతులు కొన్నున్నాయి.

బటన్, బల్బు, బ్యాటరీ

హైవే మీద బండి పై గేరుకు వెళ్లడం లేదు, ఇంజిన్ హోరెత్తుతోంది, మైలేజీ పడిపోయింది. ఇలాంటప్పుడు ముందు గేర్ రాడ్ పక్కనున్న చిన్న బటన్ చూడాలి. నాలుగు గేర్ల బండ్లలో చాలావాటికి ఓవర్‌డ్రైవ్ బటన్ ఉంటుంది. దాన్ని నొక్కితే మీటర్ల దగ్గర 'ఓ/డి ఆఫ్' అనే దీపం వెలుగుతుంది. అంటే నాలుగో గేరు వేయొద్దని బండికి చెప్పినట్టే. పిల్లల చేయి తగిలో, కారు కడిగే కుర్రాడి గుడ్డ తగిలో అది నొక్కుకుపోవచ్చు. కానీ మనం మాత్రం గేర్‌బాక్సు పోయిందని బెంగపెట్టుకుంటాం.

గేర్ రాడ్ 'పి' నుంచి కదలనంటోందా? ఎవరినైనా బండి వెనక నిలబెట్టి బ్రేకు తొక్కండి. బ్రేకు లైట్లు వెలగకపోతే తప్పు గేర్‌బాక్సుది కాదు, చాలావరకు పెడల్ దగ్గరుండే చిన్న స్విచ్చుదో ఫ్యూజుదో. బ్రేకు తొక్కినట్టు కంప్యూటరుకు తెలియకపోతే అది రాడ్‌ను వదలదు. అలాగే 'పి'లో సెల్ఫ్ తీసుకోకుండా 'ఎన్'లో మాత్రమే స్టార్టవుతుంటే గేర్ స్థానాన్ని కనిపెట్టే స్విచ్చునో, రాడ్‌కు ఉన్న కేబుల్ సర్దుబాటునో అనుమానించాలి.

తర్వాత బ్యాటరీ. సోలినాయిడ్లకు సరైన కరెంటు అందకపోతే గేర్లు పిచ్చిగా మారతాయి. టెర్మినల్స్ దగ్గర తెల్లగా బూజులా పేరుకుందా, ఎర్త్ వైరు వదులైందా చూడాలి. ఇంకోమాట. ఈమధ్యే బ్యాటరీ మార్చారా? చాలా బండ్లలో కంప్యూటర్ మన నడిపే తీరును నేర్చుకుని గుర్తుపెట్టుకుంటుంది. బ్యాటరీ తీస్తే ఆ జ్ఞాపకం చెరిగిపోవచ్చు. అప్పుడు కొన్నాళ్లు గేర్లు కాస్త మొరటుగా మారి, మళ్లీ వాటంతటవే సర్దుకుంటాయి.

ఆయిల్ చెప్పే కథ

ఆయిల్ కొలిచే పద్ధతి అన్ని బండ్లకూ ఒకటి కాదు. చాలావాటిలో బండిని కొంత దూరం నడిపి వేడెక్కించి, సమతలం మీద ఆపి, ఇంజిన్ నడుస్తుండగానే చూడాలి. కొన్ని 'పి'లో పెట్టమంటాయి, కొన్ని 'ఎన్'లో. హోండా బండ్లలో చాలావాటికి వేడెక్కాక ఇంజిన్ ఆపేసి, ఒకటి-ఒకటిన్నర నిమిషాల మధ్య చూడాలి. కొన్నింటికి అసలు డిప్‌స్టిక్కే ఉండదు. బండిని పైకెత్తి, ఆయిల్ నిర్ణీత వేడికి వచ్చాక అడుగున మర విప్పి చూడాల్సిందే. అది షెడ్డు పని.

డిప్‌స్టిక్‌ను తెల్లటి గుడ్డకో, టిష్యూ కాగితానికో తుడిస్తే ఆయిల్ తన కథ తానే చెబుతుంది. చాలా ఆటోమేటిక్ ఆయిళ్లు కొత్తలో ఎర్రగా ఉంటాయి. వాడేకొద్దీ రంగు ముదురుతుంది. అంతమాత్రాన కంగారు అక్కర్లేదు. నల్లగా మారి, మాడిన వాసన వస్తుంటే మాత్రం క్లచ్ పలకలు జారి కాలుతున్నాయేమోనని అనుమానించాలి. స్ట్రాబెర్రీ మిల్క్‌షేక్‌లా పాలు కలిసినట్టుంటే నీళ్లు చేరాయని అర్థం. పాత బండ్లలో ఈ ఆయిల్‌ను చల్లబరిచే గొట్టం రేడియేటర్ లోపలి నుంచే వెళుతుంది. అది లోపల తుప్పుపట్టి చిల్లుపడితే కూలెంట్ వచ్చి ఆయిల్‌లో కలుస్తుంది. క్లచ్ పలకల మీది పొరను అతికించి ఉంచే జిగురుకు నీళ్లు పడవు. పొర ఊడిపోతుంది. ఇలాంటప్పుడు బండిని ఒక్క కిలోమీటరు కూడా నడపకపోవడమే మేలు.

వరదల్లో మునిగిన బండ్ల విషయంలోనూ ఇదే ప్రమాదం. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో విజయవాడలో ఎన్ని కార్లు రోజుల తరబడి నీళ్లలో నానాయో అందరూ చూశారు. గేర్‌బాక్సుకు గాలి పీల్చుకునే ఓ చిన్న గొట్టం ఉంటుంది. నీటిమట్టం దాన్ని దాటితే లోపలికి నీళ్లు వెళతాయి. సెకండ్‌హ్యాండ్ ఆటోమేటిక్ కొనేవాళ్లు సీట్లు, తివాచీలు వాసన చూడటంతో ఆగకుండా ఈ డిప్‌స్టిక్‌నూ ఓసారి బయటికి తీసి చూడటం మంచిది.

ఆయిల్ తగ్గిందంటే ఎక్కడో కారుతోందని అర్థం. ఇంజిన్ ఆయిల్‌లా ఇది కాలిపోయి తగ్గదు. రాత్రి బండి కింద ఓ అట్టముక్క పరిస్తే పొద్దున్నకు మరక ఎక్కడుందో తెలిసిపోతుంది. తగ్గింది కదాని ఎక్కువ పోసినా తప్పే. తిరిగే చక్రాలు ఆయిల్‌ను చిలికి నురగ చేస్తాయి. నురగకు ఒత్తిడి ఉండదు. మళ్లీ అవే లక్షణాలు!

పొద్దున్నే ఓ పావుగంట

డాక్టరు దగ్గరికి వెళితే ఎప్పుడొస్తోంది, ఎంతసేపుంటోంది, ఏం చేస్తే ఎక్కువవుతోంది అని అడుగుతారు. బండికి నోరు లేదు కాబట్టి ఆ జవాబులు యజమానే సిద్ధం చేసుకోవాలి. రాత్రంతా చల్లారిన బండిని పొద్దున్నే తీయండి. ఓ నోటు పుస్తకంతో పక్క సీట్లో ఇంకొకరు కూర్చుంటే మరీ మంచిది.

బ్రేకు తొక్కి 'పి' నుంచి 'ఆర్'కు మార్చి, పట్టు దొరికేదాకా మనసులో లెక్కపెట్టండి. తర్వాత 'ఎన్' నుంచి 'డి'కి మార్చి అదే పని చేయండి. ఒకటి, ఒకటిన్నర సెకన్లలో బండి కాస్త కూర్చున్నట్టు అనిపించాలి. మూడు, నాలుగు సెకన్లు పడుతుంటే ఆయిల్ తగ్గడమో, లోపలి రబ్బరు సీళ్లు గట్టిపడి ఒత్తిడి నిలవకపోవడమో అయ్యుండొచ్చు.

ఇప్పుడు ఖాళీ రోడ్డు మీద మెల్లగా రేస్ ఇస్తూ ఆర్‌పీఎం ముల్లును గమనించండి. గేరు మారినప్పుడల్లా ముల్లు చటుక్కున కిందికి దిగాలి. నాలుగు గేర్ల బండిలో మూడుసార్లు దిగాక, నిలకడగా వెళుతున్నప్పుడు ఇంకోసారి కొద్దిగా దిగుతుంది. అది ఐదో గేరు కాదు. టార్క్ కన్వర్టర్‌లోని రెండు చక్రాల్ని కలిపి బిగించే లాకప్. ఏ మార్పు రావడం లేదు, ఏది ఆలస్యమవుతోంది, ఏ వేగం దగ్గర... అన్నీ రాసుకోవాలి. ఇరవై, ముప్ఫై నిమిషాలు తిప్పి బాగా వేడెక్కాక మళ్లీ అదే పరీక్ష. చల్లగా ఉన్నప్పుడే వచ్చే తేడా, వేడెక్కాకే వచ్చే తేడా... రెండూ ఒకటి కాదు.

దాదాపు అన్ని బండ్లకూ పనికొచ్చే ఓ లెక్కుంది. ఉన్నట్టుండి వచ్చి, ఉన్నట్టుండి పోయే తేడా ఎక్కువగా కరెంటుకు సంబంధించింది. నెలల తరబడి మెల్లగా ముదిరినదైతే అరుగుదల వల్ల వచ్చింది. ఇందులోనూ మినహాయింపులుంటాయి కానీ ఎక్కణ్నుంచి వెతకాలో చెప్పడానికి ఇది చాలు.

లక్షణం చూసి...

జారడం: రేస్ ఇస్తే ముల్లు పైకి పోతుంది, వేగం మాత్రం పెరగదు. ఆయిల్ సరిపడా ఉండి కూడా ఇలా జరుగుతుంటే క్లచ్ పలకలు అరగడమో, ఒత్తిడి చాలకపోవడమో కారణం. ఏ గేరులో అన్నది ముఖ్యం. ఒక్క గేరులోనే జారుతుంటే దానికి సంబంధించిన క్లచ్ కట్ట. అన్ని గేర్లలోనూ జారుతుంటే ఆయిల్, వడపోత జల్లెడ, పంపు. ఆయిల్ వేడెక్కి పలచబడ్డాక జారుడు పెరిగితే సీళ్ల నుంచి ఒత్తిడి కారిపోతోందన్నమాట. ఈ లక్షణాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. జారే ప్రతి నిమిషం లోపల వేడి పుట్టి మంచి పలకల్ని కూడా కాలుస్తుంది.

ఒకే గేరులో బిగుసుకోవడం: బయల్దేరడం చాలా భారంగా ఉంటుంది, వేగం అందుకోదు, మీటర్ల దగ్గర ఇంజిన్ దీపమో, 'డి' దీపం మినుకుమినుకుమనడమో కనిపిస్తుంది. ఇది 'లింప్ మోడ్'. కంప్యూటరుకు ఏదో సంకేతం తేడాగా వచ్చింది. నష్టం పెరగకుండా బండిని బట్టి రెండో గేరులోనో మూడో గేరులోనో బిగించేసి, ఇంటికి చేరమని చెబుతోంది. ఒత్తిడిని కూడా పూర్తిగా పెంచేస్తుంది కాబట్టి గేరు వేసినప్పుడు గట్టి కుదుపు వస్తుంది. బిగుసుకుపోవడం, కుదుపు కలిసి వస్తే పలకలకన్నా ముందు వైర్లు, సెన్సర్లు, సోలినాయిడ్లు చూడాలి. ఇంజిన్ ఆపి వేస్తే మామూలైపోయిందని సంబరపడి వదిలేయకూడదు.

వణుకు: గంటకు యాభై నుంచి ఎనభై కిలోమీటర్ల మధ్య నిలకడగా వెళుతుంటే రోడ్డు మీది గీతల మీదుగా పోతున్నట్టు బండి గడగడలాడుతుంది. లాకప్ క్లచ్ కావచ్చు, ఇంజిన్‌లో ఓ స్పార్క్ ప్లగ్ సరిగా మండకపోవడమూ కావచ్చు. తేల్చడానికి ఓ చిట్కా. వెనక ఎవరూ లేని తిన్నని ఖాళీ రోడ్డు మీద, వణుకు వస్తుండగా ఎడమకాలితో బ్రేకును దీపం వెలిగేంత మాత్రం తాకించాలి. బ్రేకు సంకేతం అందగానే కంప్యూటర్ లాకప్‌ను వదిలేస్తుంది. ఆ క్షణంలో వణుకు ఆగిపోతే అనుమానం కన్వర్టర్ మీదికి వెళ్లాలి. ఆగకపోతే ప్లగ్గులు, కాయిళ్లు చూడాలి. ఎడమకాలితో బ్రేకు అలవాటు లేనివాళ్లు దీన్ని మెకానిక్‌కే వదిలేయడం మంచిది.

పై గేరు పడకపోవడం: బండి చల్లగా ఉన్నప్పుడు చాలా కార్లు కావాలనే ఓవర్‌డ్రైవ్‌ను, లాకప్‌ను ఆపి ఉంచుతాయి. ఇంజిన్ త్వరగా వేడెక్కడం కోసం. మరి ఎంతదూరం పోయినా పడకపోతే? ఇక్కడే మన ఎండల పుణ్యమాని వచ్చిన ఓ చిక్కుంది. 'ఈ వేడికి వాల్వ్ ఎందుకు సార్' అంటూ కూలెంట్ దారిలో ఉండే థర్మోస్టాట్‌ను తీసి అవతల పారేసే అలవాటు చాలా షెడ్లలో ఉంది. అది లేకపోతే ఇంజిన్ ఉండాల్సినంత వేడికి రాదు. కంప్యూటర్ దృష్టిలో బండి ఇంకా పొద్దున్నే స్టార్ట్ చేసినట్టే ఉంటుంది. పై గేరు ఇవ్వదు. దీనికి మందు గేర్‌బాక్సు విప్పడం కాదు... తీసేసిన వాల్వ్‌ను తిరిగి పెట్టడం.

స్పీడోమీటర్ కూడా పడిపోవడం: గేర్లు తేడా చేసిన రోజే వేగం చూపే ముల్లు కూడా సున్నా దగ్గర కూర్చుంటే పని సగం అయిపోయినట్టే. వేగాన్ని కనిపెట్టే సెన్సర్‌నో, దాని వైరునో ముందు చూడాలి.

నేరం ఒకరిది, శిక్ష ఇంకొకరికి

'డి' వేయగానే ధన్‌మని శబ్దం వస్తే అందరి చూపూ గేర్‌బాక్సు మీదికే వెళుతుంది. కానీ ఇంజిన్‌ను, గేర్‌బాక్సును పట్టి ఉంచే రబ్బరు మౌంటింగులు చిరిగితే కూడా అదే శబ్దం, అదే కుదుపు. బానెట్ ఎత్తి, ఒకరు బ్రేకు గట్టిగా తొక్కి 'డి', 'ఆర్' మారుస్తుంటే ఇంకొకరు పక్కన నిలబడి (ఎదురుగా కాదు సుమా!) ఇంజిన్ ఎంత ఎగిరిపడుతుందో చూస్తే తెలిసిపోతుంది. ఐడ్లింగ్ ఎక్కువగా ఉన్నా గేరు వేసినప్పుడు బండి దూకుతుంది. మురికి పట్టిన థ్రాటిల్ బాడీ, మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టర్, బలహీనపడ్డ ప్లగ్గులు ఇంజిన్ సత్తువను తగ్గిస్తే మనం ఎక్కువ రేస్ ఇస్తాం. మనకు వేగం కావాలనుకుని కంప్యూటర్ గేరును ఆలస్యంగా మారుస్తుంది. ఇంకా పాతబండ్లలో థ్రాటిల్ నుంచి గేర్‌బాక్సుకు వెళ్లే కేబుల్ ఉంటుంది. అది కాస్త వదులైతే గేర్లు మారే వేళలే తారుమారవుతాయి. అందుకే ఇంజిన్ సర్వీసింగ్ అయ్యాకే గేర్‌బాక్సు మీద తీర్పు చెప్పాలి.

కంప్యూటరును అడగండి

అమెరికాలో 1996 మోడల్ నుంచి అన్ని కార్లకూ ఓబీడీ-2 తప్పనిసరి. మన దగ్గర 2013 నుంచి. స్టీరింగ్ కింద ఉండే సాకెట్‌కు స్కానర్ తగిలిస్తే కంప్యూటర్ తన ఫిర్యాదును కోడ్ రూపంలో చెబుతుంది. ఎమ్మెస్‌కు వెళ్లి పాత కరోలానో, సివిక్‌నో కొనుక్కునే మన పిల్లలకు అక్కడ చాలా విడిభాగాల దుకాణాల్లో దీన్ని ఉచితంగానే చదివి చెబుతారు. ఇక్కడ షెడ్డులో అడిగి చూపించుకోవచ్చు.

పి0700 అంటే గేర్‌బాక్సు కంప్యూటర్ దగ్గర ఏదో ఫిర్యాదుందని మాత్రమే. ఇంటి కాలింగ్‌బెల్ మోగినట్టు. తలుపు తీసి చూడాలంటే గేర్‌బాక్సు కోడ్లను కూడా చదవగలిగే స్కానర్ కావాలి. చవక స్కానర్లు చాలావరకు బెల్ దగ్గరే ఆగిపోతాయి. పి0715 అయితే లోపలికి వచ్చే వేగాన్ని చూసే సెన్సర్ సర్క్యూట్, పి0720 అయితే బయటికి వెళ్లే వేగం సెన్సర్ సర్క్యూట్, పి0750 అయితే మొదటి షిఫ్ట్ సోలినాయిడ్, పి0740 అయితే లాకప్ క్లచ్ సర్క్యూట్. పి0730 మాత్రం కంప్యూటర్ వేసిన గేరుకూ, బండి వెళుతున్న తీరుకూ పొంతన లేదని చెబుతుంది. జారుడుకు అది గట్టి సాక్ష్యం.

ఇక్కడ ఓ జాగ్రత్త. కోడ్ వచ్చింది కదాని ఆ పార్టు కొనేయకూడదు. కోడ్ చెప్పేది వీధి పేరే, ఇంటి నంబరు కాదు. సోలినాయిడ్ కోడ్‌కు కారణం సోలినాయిడే కావచ్చు, దానికి వెళ్లే వైరును ఎలుక కొరకడమూ కావచ్చు, కనెక్టర్‌లో ఆయిల్ చేరడమూ కావచ్చు. మీటరు పెట్టి కొలిచాకే కొనాలి. ఇంకోటి... కోడ్‌ను చెరిపేసే ముందు కాగితం మీద రాయించుకోవాలి. చెరిపేస్తే సాక్ష్యం పోయినట్టే.

ఆయిల్ మారిస్తే పోతుందా?

'ఇన్నాళ్లూ మార్చలేదు కదా, ఇప్పుడు మారిస్తే గేర్‌బాక్సు పోతుంది' అన్న మాట దాదాపు ప్రతి షెడ్డులో వినిపిస్తుంది. ఇందులో కొంత నిజముంది, చాలా అపోహ ఉంది. అప్పటికే పలకలు అరిగి జారుతున్న పెట్టెను కొత్త ఆయిల్ కాపాడలేదు. మార్చిన వారానికే అది ఆగిపోతే నింద ఆయిల్ మీద పడుతుంది. జారుడు లేని బండికి సరైన ఆయిల్ మారిస్తే నష్టం లేదు, ప్రయోజనమే ఎక్కువ. కాకపోతే యంత్రం పెట్టి ఒత్తిడితో కడిగించడం కన్నా, అడుగు మర విప్పి కారినంత తీసి అంతే పోయడం పాతబండికి క్షేమం. ఆయిల్‌లో పెద్దభాగం కన్వర్టర్‌లోనే ఉండిపోతుంది కాబట్టి ఒక్కసారికి మూడోవంతు నుంచి సగం దాకా మాత్రమే మారుతుంది. కొన్నాళ్లు నడిపి రెండు మూడుసార్లు ఇలా చేస్తే దాదాపు కొత్తదవుతుంది.

రకం మాత్రం చేతిపుస్తకంలో ఉన్నదే. టొయోటా డబ్ల్యూఎస్, హోండా డీడబ్ల్యూ-1, హ్యుందాయ్ పాత నాలుగు గేర్ల పెట్టెలకు ఎస్పీ-3... దేని దారి దానిదే. 'అన్నీ ఎర్రగానే ఉంటాయి కదా' అని చేతికందింది పోస్తే లేని జబ్బు కొనితెచ్చుకున్నట్టే. సీవీటీలో మామూలు ఆటోమేటిక్ ఆయిల్ పోస్తే మరీ ప్రమాదం.

అడుగు తట్ట విప్పినప్పుడు యజమాని పక్కనే ఉండటం మంచిది. అందులో ఓ అయస్కాంతం ఉంటుంది. దానికి మెత్తని బూడిదరంగు ముద్ద అంటుకుని ఉంటే అది వయసు తెచ్చిన అరుగుదల, భయం లేదు. మెరిసే లోహపు పెళ్లలు, నల్లటి పొర ముక్కలు కనిపిస్తే మాత్రం... ఇక దాచి లాభం లేదు, లోపల నిజంగానే ఏదో విరిగింది, ఊడింది.

నిజంగానే దించాల్సి వస్తే

వరస ప్రకారం అన్నీ చూశాక, ఆయిల్ ఒత్తిడిని గేజ్ పెట్టి కొలిపించాక కూడా వేలు గేర్‌బాక్సు వైపే చూపిస్తే అప్పుడు దించడంలో తప్పులేదు. కాకపోతే నాలుగు ప్రశ్నలు అడగాలి. వాల్వ్ బాడీ, సోలినాయిడ్లతో సరిపోతుందా? చాలా బండ్లలో వాటిని పెట్టె దించకుండానే మార్చొచ్చు. మొత్తం విప్పితే ఏయే భాగాలు మారుస్తారు, పాతవి చూపిస్తారా? ఆయిల్ కూలర్‌ను, దాని గొట్టాలను కూడా కడుగుతారా? కడగకపోతే పాత పెట్టెలోని లోహపు పొడి అందులోంచి వచ్చి కొత్త పెట్టెను తినేస్తుంది. గ్యారంటీ ఎన్నాళ్లు, రాసిస్తారా?

జవాబులు తిన్నగా వస్తే ఖర్చు లెక్క వేసుకోవచ్చు. బాడీ గట్టిగా ఉండి, ఇంజిన్ బాగుండి, బండి ఇంకో ఐదారేళ్లు ఇంట్లో ఉంటుందనుకుంటే పెట్టిన డబ్బు వృథా కాదు. ఇంజిన్ కూడా పొగ కక్కుతూ, కింద తుప్పు తింటూ ఉంటే మాత్రం మనసు గట్టిచేసుకోవాల్సిందే. ఏది తేల్చుకున్నా లెక్క తెలిసి తేల్చుకోవడం వేరు, భయపడి తేల్చుకోవడం వేరు. ఆ తేడాకు కావాల్సింది ఓ తెల్లగుడ్డ, ఓ నోటు పుస్తకం, పొద్దున్నే ఓ పావుగంట.

షెడ్డుకు వెళ్లేలోపు...

* బండి ఆగిపోతే తోసి స్టార్ట్ చేయాలని చూడొద్దు. టార్క్ కన్వర్టర్ బండి అలా స్టార్టవదు.

* తాడు కట్టి లాగించొద్దు. ఇంజిన్ ఆగితే గేర్‌బాక్సు పంపు కూడా ఆగుతుంది. చక్రాలు తిరుగుతుంటే లోపల ఆయిల్ లేకుండానే భాగాలు అరుగుతాయి. ఇంజిన్ తిప్పే చక్రాలు నేలకు తగలకుండా ఎత్తాలి. నాలుగు చక్రాలూ లారీ మీదికి ఎక్కిస్తే ఇంకా నయం.

* బండి పూర్తిగా ఆగకుండా 'డి' నుంచి 'ఆర్'కు మార్చొద్దు.

* గేరు వేశాక పట్టు ఆలస్యమైతే రేస్ ఇచ్చి దూకించొద్దు. ఆ దెబ్బ క్లచ్ పలకల మీదే పడుతుంది. ఎదురుగా గోడో మనిషో ఉంటే అంతకన్నా పెద్ద ప్రమాదం.

* పల్లం మీద ఆపితే ముందు హ్యాండ్ బ్రేకు, తర్వాతే 'పి'. లేకపోతే బండి బరువంతా లోపలి చిన్న కొక్కెం మీద పడుతుంది.

* కాలిన వాసన, లోహం రాసుకునే శబ్దం వస్తే ఇంకొంచెం దూరమేగా అనుకోవద్దు. పక్కకు ఆపేయండి. లారీ బాడుగకు వెనకాడితే, మూడు పలకలతో పోయేది మొత్తం పెట్టె దాకా రావచ్చు.